వాతావరణ మార్పు, మన నల్లగొండ, మన పాలమూరు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండ జిల్లాలో సైన్స్ చెప్పే టీచరును. ఇంటి దగ్గర బత్తాయి తోట, కొంచెం వరి పొలం ఉన్నాయి. వాతావరణ మార్పు గురించి బడిలో పిల్లలు, చాయ్ హోటల్ దగ్గర రైతులు, పేరెంట్స్ మీటింగుకు వచ్చిన తల్లులు అడిగిన ప్రశ్నలను కొన్నేళ్లుగా నోటుబుక్కులో రాసి పెట్టుకుంటున్నాను. ఎక్కువసార్లు ఎదురైనవి ఇవి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి కాదు.

వాతావరణ మార్పు అంటే ఎండలు ముదరడమేనా?

ఎండలు ముదరడం అందులో ఒక భాగం. మన దగ్గర అసలు దెబ్బ నీళ్ల మీద పడుతోంది. రావలసినప్పుడు రావు, వస్తే ఆగవు.

2023 ఆగస్టునే తీసుకోండి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో మన దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకొకటి లేదు. కృష్ణకు వరద రాలేదు. నిండితే 590 అడుగులుండే నాగార్జునసాగర్‌ నీటిమట్టం 2024 ఎండాకాలానికి 510 అడుగుల దగ్గరికి పడిపోయింది. ఎడమ కాలువ కింద యాసంగి వరికి నీళ్లు లేవు. ఆ ఏప్రిల్‌లో మా తోటకు ట్యాంకర్లతో నీళ్లు కొని పోశాం. పైపు పాదులో పెడితే నీళ్లు నిలబడేవి కావు, నెర్రెల్లోకి గుటగుటమని దిగిపోయేవి. నాయిన వంగి పాదులో మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూసేవాడు. ఉండ కట్టకుండా వేళ్ల సందుల్లోంచి రాలిపోతే ఇంకో ట్యాంకర్‌కు ఫోన్ చేయమనేవాడు. అంత చేసినా నలభైకి పైగా చెట్లు మోడులయ్యాయి. పదిహేనేళ్లు పెంచిన చెట్లు.

అదే 2024లో ఆగస్టు మొదట్లో సాగర్ గేట్లు ఎత్తారు. సెప్టెంబర్ 1న సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో అదే ఎడమ కాలువకు గండి పడింది. కోదాడలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఎండాకాలంలో చుక్క లేని కాలువ వానాకాలంలో తెగిపోయింది. వాతావరణ మార్పు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క ఏడాది కథే చెబుతాను.

ఒకే కారణం వల్ల కరువూ వరదా రెండూ ఎలా వస్తాయి?

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఆ గాలి నేలలోంచి, చెరువుల్లోంచి, ఆకుల్లోంచి తేమను గట్టిగా లాగేస్తుంది. వాన ఆగిన రెండు వారాలకే పత్తి చేను వాడిపోవడానికి ఇది ఒక కారణం. అలా లాగిన నీళ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు కిందికి రావాలి కదా. మబ్బు కుదిరినప్పుడు పది రోజుల వాన ఒక్క రాత్రిలో కుమ్మరిస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే వాన సరిగానే పడినట్టు కనిపిస్తుంది. రైతుకు మాత్రం అది పనికి రాలేదు.

అసలు కారణం ఏమిటి? పిల్లలకు చెప్పేలా చెప్పండి.

కురుమల గొంగడి ఉంది కదా. అది తనంతట తాను వేడి పుట్టించదు, కప్పుకున్నవాడి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. భూమికి కూడా గాలిలో అలాంటి గొంగడి ఒకటి ఉంది. అది కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నీటి ఆవిరి లాంటి వాయువులతో అల్లినది. అది లేకపోతే భూమి గడ్డకట్టిపోయేది. బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాల్చి, అడవులు నరికి మనం ఆ గొంగడి మీద ఇంకో గొంగడి కప్పుతున్నాం.

యంత్రాల కాలం రాకముందు గాలిలోని ప్రతి 10 లక్షల పాళ్లలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగలను పరీక్షిస్తే గడచిన 8 లక్షల ఏళ్లలో అది 300 దాటినట్టు ఎక్కడా కనబడలేదు.

సూర్యుడే వేడెక్కి ఉండొచ్చు కదా? మనుషుల పనేనని ఎలా తేల్చారు?

మంచి అనుమానం. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు.

సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. ఈ వేడికి సరిపడేంత పెరుగుదల అక్కడ లేదు. ఇంకో గట్టి సాక్ష్యం ఉంది. సూర్యుడే కారణమైతే గాలి పై పొర నుంచి కింది పొర దాకా అంతా వేడెక్కాలి. జరుగుతున్నది అది కాదు. కింది పొర వేడెక్కుతోంది, చాలా ఎత్తులో ఉన్న పొర చల్లబడుతోంది. వేడి కిందనే ఆగిపోతోందని, అంటే గొంగడి మందం పెరిగిందని దానర్థం. పైగా బొగ్గు నుంచి, చమురు నుంచి వచ్చిన కార్బన్‌కు విడిగా ఒక గుర్తు ఉంటుంది. గాలిలో పెరుగుతున్నది ఆ గుర్తున్న కార్బనే.

ఈ విషయం మొన్న కనిపెట్టింది కూడా కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్క కట్టాడు.

పాలమూరులో కరువు ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా వచ్చిందేముంది?

కరువు కొత్త కాదు, నిజమే. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్లు పడే ఎర్రచెల్కల నేల మనది. ఆ కరువు ఎరిగిన పెద్దలు కార్తెలను నమ్ముకుని సేద్యం చేశారు. రోహిణిలో దుక్కి సిద్ధం చేసుకునేవారు, మిరుగం వస్తే విత్తనం వేసేవారు, మఖ పుబ్బల్లో వరద కోసం చూసేవారు. కరువొచ్చినా దానికి ఒక లెక్క ఉండేది.

ఇప్పుడు ఆ లెక్క చెదిరింది. మిరుగంలో ఒక వాన పడగానే పత్తి గింజ పెడతారు, ఆ తర్వాత ఇరవై రోజులు మబ్బే ఉండదు, రెండోసారి విత్తనాలు కొనాలి. పత్తి పగిలి తెల్లగా విచ్చుకున్నాక, వడ్లు కల్లంలో ఉన్నప్పుడు వాన కురుస్తుంది. బత్తాయికి పూతకు ముందు కొన్ని వారాలు నీళ్లు ఆపుతాం, ఆ వారాల్లోనే వాన పడి పూత చెదిరిపోతుంది. మా అవ్వకు కార్తెలన్నీ నోటికి వచ్చు. "కార్తె వచ్చింది, వాన ఏది బిడ్డా" అని వాకిట్లో కూర్చుని అడుగుతుంది. ఆమెకు గొంగడి కథ చెప్పాను. విని, "అయితే తీసెయ్యండి" అన్నది.

ఎల్ నినో, వాతావరణ మార్పు ఒకటేనా?

కాదు. ఎల్ నినో పసిఫిక్ సముద్రపు నీళ్లు కొన్నేళ్లకోసారి వేడెక్కడం. మనుషులు లేనప్పుడూ ఉంది. అది వచ్చిన చాలా ఏళ్లలో మన రుతుపవనాలు బలహీనపడతాయి, 2023లో అదే జరిగింది. వాతావరణ మార్పు మనం పెంచిన వేడి, అది వచ్చి పోయేది కాదు. దాని మీద ఎల్ నినో కూడా వస్తే దెబ్బ మీద దెబ్బ.

2009 వరద కూడా దీని వల్లే వచ్చిందా?

ఒక్క వరదను చూపించి దీని వల్లే అని చెప్పడం సరికాదు. అలాంటివి ఎక్కువయ్యే పరిస్థితి వచ్చిందని మాత్రం చెప్పొచ్చు. 2009 అక్టోబర్ మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 19 లక్షలు తట్టుకునేలా కట్టిన డ్యామ్ అది. తుంగభద్ర ఒడ్డున అలంపూర్, రాజోలి మునిగాయి. రాజోలిలో నేతన్నల మగ్గాల గుంతలు బురదతో నిండిపోయాయి. పంట పోతే వచ్చే ఏడాది మళ్లీ వేసుకుంటారు, మగ్గం పోతే ఆ ఇంటికి బతుకుదెరువే లేదు. అక్టోబర్ అంటే వానాకాలం అయిపోయిందని అందరూ నిమ్మళంగా ఉండే నెల.

ఫ్లోరైడ్‌కూ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు. ఫ్లోరైడ్ మన నేల కింది గ్రానైట్ రాళ్లలోనే ఉంది. నీళ్లలోంచి దాన్ని తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి ప్రపంచమంతా మన జిల్లా పేరే నిలిచింది, నల్లగొండ టెక్నిక్ అని.

చుట్టు తిరిగి చూస్తే మాత్రం సంబంధం ఉంది. వాన నమ్మకం తగ్గితే రైతు బోరును నమ్ముకుంటాడు. మా పక్క చేనులో బోరు వేసిన రాత్రి నేనూ ఉన్నాను. బండి మోతకు నిలబడ్డ నేల అదురుతోంది. రెండు వందల అడుగులు, నాలుగు వందలు, తెల్ల దుబ్బ తప్ప ఏమీ రావడం లేదు. రైతు భార్య ఆ దుబ్బను చేతిలోకి తీసుకుని తడి తగులుతుందేమోనని చూస్తోంది. ఆరు వందలు దాటాక వేళ్లంత సన్నని ధార పడింది. రాయి లోతున ఎంతోకాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండే అవకాశం ఉంది. తాగడానికి మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి పిల్లల ఎముకలు కొంత కాపాడుకున్నాం. చెల్క దగ్గర దూప అయితే ఇప్పటికీ చాలామంది బోరు నీళ్లే తాగుతారు. దయచేసి ఇంటి నుంచి సీసా తీసుకెళ్లండి.

వడదెబ్బకు చనిపోతే సాయం వస్తుందా?

వస్తుంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. మరణం వడదెబ్బ వల్లేనని అధికారికంగా తేలాలి, కాబట్టి తహసీల్దార్‌కు, వైద్యాధికారికి వెంటనే తెలపాలి.

చావు దాకా రానివ్వకపోవడం ముఖ్యం. 2015 మేలో వడగాలులకు దేశంలో 2 వేల మందికి పైగా పోయారు, ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. రోళ్లు పగిలే రోహిణి ఎండ మనకు తెలియనిది కాదు. ఇప్పుడు రాత్రిళ్లు కూడా చల్లబడకపోవడంతో ఒంటికి తేరుకునే గడువు దొరకడం లేదు. రేకుల ఇంట్లో పడుకునే కూలికి అది పగటి ఎండకంటే ప్రమాదం.

ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ పడిపోతే నీడకు చేర్చండి, బట్టలు వదులు చేయండి, ఒళ్లంతా తడి గుడ్డతో తుడుస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పృహ ఉంటే ఓఆర్ఎస్, మజ్జిగ, అంబలి ఏదైనా మంచిదే.

మా వరి కూడా కారణమంటున్నారు. అన్నం పెట్టేవాడి మీద నింద వేయడమేనా?

బాధ నాకు అర్థమవుతుంది, మాదీ వరి పొలమే. కానీ నిజం నిజమే. నిలిచిన నీళ్ల కింద గాలి ఆడని బురదలో కొన్ని సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. యూరియా ఎక్కువైతే వచ్చే నైట్రస్ ఆక్సైడ్ ఇంకా ఘాటైనది, దాదాపు 270 రెట్లు. రాష్ట్రంలో వానాకాలం వరి 60 లక్షల ఎకరాలు దాటింది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

తగ్గించే దారి ఉంది. చిల్లులు పెట్టిన పైపు ముక్కను పొలంలో పాతి, అందులో నీటిమట్టం నేలకు ఆరంగుళాల కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వాలి. పూత సమయంలో మాత్రం నీళ్లు తగ్గనివ్వకూడదు. ఇలా చేస్తే దిగుబడి పెద్దగా తగ్గకుండా మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. బోరు కింద ఇది సులువు. కాలువ కింద మాత్రం నీళ్లు వచ్చినప్పుడే పెట్టుకోవాలి, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు. ఆ భయం ఉన్నంతకాలం రైతు పొలం నిండా నింపుకుంటాడు. అక్కడ రైతుకు నీతులు చెప్పేకంటే వంతుల ప్రకారం నికరంగా నీళ్లివ్వడం ముందు జరగాలి.

హార్వెస్టర్ కోసి పోయాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం మాత్రం ఎవరికీ లాభం లేని పని. భూమిలో సత్తువ పోతుంది, గట్టు మీది చెట్లు మాడిపోతాయి.

ఒకపక్క దామరచర్లలో బొగ్గు ప్లాంట్ కడుతూ మాకు చెబుతారా?

నన్ను అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. యాదాద్రి థర్మల్ ప్లాంట్ 4,000 మెగావాట్లది, మన జిల్లాలోనే ఉంది. బొగ్గుతో ఒక యూనిట్ కరెంట్ తయారైతే సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 5 హెచ్‌పీ మోటారు గంట నడిస్తే దాదాపు 4 యూనిట్లు, అంటే నాలుగు కిలోలు. దేశంలో తయారయ్యే కరెంట్‌లో నూటికి దాదాపు 70 ఇంకా బొగ్గుదే. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంట్ వచ్చాక మన పొలాలు నిలబడ్డాయి, అందులో అబద్ధం లేదు. ఆ కరెంట్ బొగ్గు నుంచి వస్తోందన్నదీ అబద్ధం కాదు.

రేపటి నుంచే బొగ్గు ఆపేయమని నేను అనను. కొత్తగా కావలసిన కరెంట్ సూర్యుడి నుంచి తీసుకోవాలని అంటాను. ఏడాదిలో మూడు వందల రోజులు మనకు ఎండ కాస్తుంది. ఇంటి కప్పు మీద 3 కిలోవాట్ల సోలార్‌కు పీఎం సూర్యఘర్ పథకంలో 78 వేల రూపాయల వరకు సబ్సిడీ ఉంది.

చేసింది అమెరికా, చైనా. మనమెందుకు మోయాలి?

న్యాయమైన మాట. పరిశ్రమల కాలం మొదలైనప్పటి నుంచి గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ఏడాది లెక్కన ఇప్పుడు చైనా మొదటిది, మన దేశం మూడోది. తలసరి చూస్తే అమెరికన్‌కు సుమారు 14 టన్నులు, మనకు 2 టన్నులు. మన పాలమూరు కూలీ వాటా అందులో ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

అందుకే 1992లో రియోలో కుదిరిన ఒప్పందంలో, బాధ్యత అందరిదీ అయినా బరువు అందరికీ సమానం కాదని రాసుకున్నారు. మన దేశం ఇప్పటికీ వాదిస్తున్నది అదే.

మరి ఇన్నేళ్లు ప్రపంచం ఏం చేసింది?

1997లో క్యోటోలో ధనిక దేశాలకు కోతలు పెట్టారు. అమెరికా సంతకం చేసి కూడా ఆమోదించలేదు. 2015లో పారిస్‌లో పద్ధతి మార్చి, ప్రతి దేశం తన లక్ష్యం తానే చెప్పుకోవాలని, యంత్రాల కాలానికి ముందుతో పోలిస్తే పెరిగే వేడిని అందరూ కలిసి 2 డిగ్రీలకు బాగా తక్కువలో, వీలైతే 1.5 డిగ్రీల దగ్గర ఆపాలని అనుకున్నారు. మాట తప్పితే శిక్ష లేదు, అదే దాని లోపం. 2024లో ప్రపంచ సగటు ఆ 1.5ను మొదటిసారి ఒక ఏడాది పాటు దాటింది. ఒప్పందంలోని హద్దు చాలా ఏళ్ల సగటు మీద లెక్క కాబట్టి హద్దు పూర్తిగా దాటామని ఇంకా చెప్పలేం, అంచు మీద ఉన్నాం. అమెరికా పారిస్ నుంచి ఒకసారి వెళ్లి, 2021లో తిరిగి వచ్చి, 2025లో మళ్లీ తప్పుకుంటానని ప్రకటించింది.

మన దేశం 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి పీల్చుకునేలా చేస్తామని 2021లో గ్లాస్గోలో చెప్పింది. కరెంట్ తయారీ సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాస్ కాని వాటి నుంచి ఉండాలన్న 2030 లక్ష్యాన్ని 2025లోనే అందుకుంది. సామర్థ్యం వేరు, నిజంగా తయారయ్యే కరెంట్ వేరు, ఇందాక చెప్పిన 70 శాతం లెక్క అందుకే అలాగే ఉంది.

ఇక డబ్బు సంగతి. ఏటా 100 బిలియన్ డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో మాటిచ్చాయి. గడువు 2020, అందింది 2022లో. 2024లో అజర్‌బైజాన్‌లోని బాకు నగరంలో 2035 నాటికి ఏటా 300 బిలియన్లు అన్నారు. అది చాలదని మన దేశం అక్కడే గట్టిగా చెప్పింది. నష్టపోయిన దేశాల కోసం విడిగా ఒక నిధి పెట్టాలని 2022లో ఒప్పుకున్నారు. మా మోడుబారిన చెట్లకు అందులోంచి ఏమైనా వస్తుందా అని నాయిన అడిగితే, రాదని చెప్పాను.

పిల్లలు దిగులు పడినప్పుడు మాత్రం ఓజోన్ సంగతి చెబుతాను. 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని ఓజోన్ పొరను తినే వాయువులను ఆపాలని నిర్ణయించాయి, ఆపాయి. ఆ పొర ఇప్పుడు మెల్లగా మానుతోంది.

చెట్లు నాటితే సరిపోదా?

సరిపోదు. ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని అంచనా. మన 5 హెచ్‌పీ మోటారు ఐదు గంటల లెక్క అది. నాటండి, కానీ ఉన్నవాటిని ముందు కాపాడండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017లో పెద్ద కొమ్మ విరిగి పడితే, సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించి బతికించుకున్నారు. ఊళ్లో రోడ్డు వెడల్పు పేరుతో నరికే చింతచెట్టు దగ్గర కూడా అంత పట్టుదల ఉండాలి.

రైతుగా నేను ఈ ఏడాదే చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. మా చిన్నప్పుడు నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఆముదాలు, జొన్న, సజ్జ, కంది కలిపి వేసేవాళ్లు. ఒకటి పోతే ఒకటి చేతికొచ్చేది. ఇప్పుడు గట్టు నుంచి గట్టు దాకా పత్తే. మొత్తం మార్చమని అనను, ఎకరంలో నాలుగు సాళ్లకో సాలు కంది పెట్టి చూడండి. తోటలకు డ్రిప్ పెట్టి, పాదుల్లో వరిగడ్డి కప్పండి. 2024 తర్వాత మేం చేసింది ఇదే. ఒక తడి ఇంకో నాలుగు రోజులు ఎక్కువ ఆగుతోంది.

ఊరంతా కలిసి చేయవలసింది చెరువు పని. పూడిక తీసినా చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువలు కబ్జా అయితే చెరువు నిండదు. గ్రామసభలో ఆ కాలువల కొలతలు అడగండి.

ఇంత తెలిసినా పిల్లలు పట్నం, బొంబాయి పోక తప్పడం లేదు. వాళ్లకేం చెప్పాలి?

పాలమూరు లేబర్ చేతుల మీదుగా దేశంలో ఎన్నో డ్యాములు లేచాయి, వాళ్ల ఊళ్లకు మాత్రం నీళ్లు లేకపోయాయి. జూరాల, కోయిల్‌సాగర్, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా నీళ్లు వచ్చిన ఊళ్లలో కొందరు తిరిగొచ్చి నాట్లు వేసుకున్నారు. ఆ నీళ్లు పడమటి కనుమల్లో, మహాబలేశ్వరం వైపు పడే వానలు. అవి తప్పితే మళ్లీ బస్సెక్కాల్సిందే. వెళ్లేవాళ్లకు వద్దని చెప్పే హక్కు నాకు లేదు. అడ్రస్ ఇంట్లో చెప్పి వెళ్లండి, పిల్లల టీసీ తీసుకుని అక్కడి బడిలో చేర్చండి.

వాన, పిడుగు సమాచారం ఎక్కడ నమ్మకంగా దొరుకుతుంది?

వాతావరణ శాఖ వారి మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే జిల్లా వారీ సలహాలుంటాయి, మంగళవారం, శుక్రవారం కొత్తవి వస్తాయి. పిడుగులకు దామిని యాప్ ఉంది, గొర్రెల కాపరుల ఫోన్లలో తప్పకుండా వేసి పెట్టండి. పంట అనుమానాలకు పాలెం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రాలున్నాయి.

ఇంకొకటి ఇంట్లోనే ఉంది. మా నాయిన గోడ క్యాలెండర్‌లో వాన పడిన తేదీకి గుండ్రం చుట్టేవాడు, పెద్ద వానైతే రెండు గుండ్రాలు. ఆ పాత క్యాలెండర్లు ఇరవై రెండు ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు మా బడిలో పిల్లలు వానమాపిని పెట్టి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు రాస్తున్నారు. మీ ఊళ్లో ఎవరైనా అలా రాసి ఉంటే ఆ క్యాలెండర్లు పాత సామాన్ల వాడికి వేయకండి.